గాజు వెనక నీలి శాలువా: పదకొండో భాగం

పోయిన వారం ఆమెను వేలంశాల కింది గదిలో, బల్ల దీపం ముందు, నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చేశాం. అలా సగంలో వదిలేసినందుకు నన్ను తిట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారని తెలుసు. సరే, అక్కడి నుంచే.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఆమెది పాత బొమ్మలకు వైద్యం చేసే పని. అందులోనూ పాస్టెల్ బొమ్మలకు. పాస్టెల్ అంటే రంగు సుద్దే. నూనె రంగులా ఎండి బిగుసుకుపోదు. కాగితం మీది నూగును పట్టుకుని పొడిపొడిగా అలాగే ఉండిపోతుంది. ఎవరూ ముట్టుకోకపోతే రెండొందల ఏళ్ల తర్వాత కూడా నిన్ననే గీసినట్టు కనిపిస్తుంది. ఒక్క వేలు తగిలిందా, అంతే సంగతులు. అందుకే దాన్ని పుట్టిన నాటి నుంచీ గాజు వెనకే ఉంచుతారు. ఫ్రేముల కొట్టువాళ్లు, సామాన్లు మోసే లారీవాళ్లు ఆమెకి పెట్టిన పేరు 'దుమ్ము డాక్టర్'. ఆమెకి ఆ పేరంటే కోపం లేదు. "మీ గుండెకి ఒక డాక్టరుంటే నా దుమ్ముకి నేనున్నాను" అని నవ్వేస్తుంది.

ఆ రోజు నవ్వే పరిస్థితిలో లేదు.

అమ్మకానికి వచ్చిన ఒక పాస్టెల్ బొమ్మ ఏ స్థితిలో ఉందో చూసి కాగితం రాసివ్వమని వేలంశాల యజమానురాలు ఆమెను పిలిపించింది. నీలి శాలువా కప్పుకున్న నడివయసు స్త్రీ. ఏదో అనబోయి ఆగినట్టున్న పెదవులు. గీసినవాడు పాత కాలపు మహాచిత్రకారుడు. ఆయన చేతి బొమ్మ ఒకటి అమ్మకానికి రావడమే పెద్ద వార్త. ఎవరిదయ్యా అంటే "పేరు చెప్పుకోవడం ఇష్టంలేని ఒక పెద్దమనిషి ఇంట్లోది" అని మాత్రం అచ్చువేశారు. ఆమె గాజు తీసి, పక్కనుంచి దీపం వేసి చూసింది. శాలువా అంచున, ఎడమ భుజం కింద, గోరు మొన అంత అర్ధచంద్రాకారపు మచ్చ. అక్కడ నూగు అణిగిపోయి మెరుస్తోంది.

ఆ మచ్చ చేసింది ఆమె నాన్న.

నాన్న ఒకప్పుడు మ్యూజియంలో ఇదే పని చేసేవాడు. చేరిన కొత్తలో ఈ నీలి శాలువా బొమ్మకి గాజు మారుస్తుంటే చొక్కా చేతి బొత్తాం ఒక్క క్షణం తగిలింది. ఆవగింజంత తప్పు. ఎవరికీ చెప్పలేదు. కూతురు పని నేర్చుకోవడానికి కూర్చున్న మొదటి రోజున మాత్రం చెప్పాడు. "చేతులకి బొత్తాలున్న చొక్కా వేసుకుని పాస్టెల్ ముందు కూర్చోకు. నేను కూర్చున్నాను. ఆవిడ శాలువా మీద నా బొత్తాం అలాగే ఉండిపోయింది" అన్నాడు. బొత్తాం తగిలిన ఆ రోజు నుంచీ ఆయన వేసుకునేవన్నీ పొట్టి చేతుల చొక్కాలే.

ఆ బొమ్మ ఇప్పుడు ఈ లోకంలో లేదు. కనీసం మ్యూజియం రికార్డు అలాగే అంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ల క్రితం నాన్న పనిగదిలో పైకప్పు పైపు కారి, బల్ల మీద మూత లేకుండా వదిలేసిన బొమ్మ తడిసి, రంగంతా కారిపోయి నాశనమైందట. తప్పంతా నాన్నదేనట. ఆయన సంతకం పెట్టి ఒప్పుకున్నాడట. ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత ఆయన చేసిందల్లా గాజుకొట్టులో పెళ్లి ఫోటోలకి ఫ్రేములు కట్టడం. అప్పటికి ఆమెకి పదకొండేళ్లు. బడిలో పక్కనున్న పిల్ల అడిగిన మాట ఆమె ఈ రోజుకీ మర్చిపోలేదు. "మీ నాన్న బొమ్మని చంపేశాడంట కదా?"

చచ్చిపోయిన ఆ బొమ్మ ఇప్పుడు బల్ల మీద పడుకుని, చుక్క నీటి మరక కూడా లేకుండా, ఆమె వైపే చూస్తోంది.

*

ఆమె అరవలేదు. ముందు గాజు యథాస్థానంలో పెట్టింది. ఎంత కోపం వచ్చినా పాస్టెల్‌ని తెరిచి వదిలేసి వెళ్లకూడదని నేర్పిన మనిషి కూతురామె. గాజు బిగించి, దీపం ఆర్పి, చేతులు తుడుచుకుని, అప్పుడు మెట్లెక్కింది.

యజమానురాలి గదిలో టీ తాగుతూ పెద్దసారు కూర్చుని ఉన్నాడు.

పెద్దసారు అంటే ఆ రోజుల్లో మ్యూజియానికి అధిపతి. నాన్నను బయటికి పంపిన ఉత్తర్వు మీద సంతకం ఆయనదే. ఎనభై దాటినా వెన్ను వంగలేదు, తెల్లటి జుట్టు పలచబడలేదు. ఊళ్లో ఏ పాత బొమ్మ అమ్మాలన్నా అది నిజమైనదేనని ఆయన ఒక్క ముక్క రాసిస్తే చాలు, ఇంకెవరూ నోరెత్తరు. ఈ బొమ్మకీ ఆయనే రాసిచ్చాడు.

"అయిపోయిందా అమ్మా?" అంది యజమానురాలు. "రేపు పదింటికి జనం చూడ్డానికి వస్తారు. కాగితం ఇస్తే గోడకి తగిలించేస్తాం."

"ఈ బొమ్మని మీరు అమ్మకూడదు మేడమ్. ఇది మ్యూజియంది. దొంగసొత్తు."

టీ కప్పు సాసర్ మీద పెట్టిన చప్పుడు వినబడింది. పెట్టింది యజమానురాలు. పెద్దసారు కప్పు చేతిలోనే ఉంది.

"ఏ మ్యూజియంది?" అన్నాడాయన నింపాదిగా.

"మీరు ఏలిన మ్యూజియంది. తడిసి పాడైందని మీరు రాసిన బొమ్మ ఇది. దీని కోసమే మా నాన్నని గేటు బయటికి నెట్టారు."

ఆయన ఆమెను అప్పుడు సరిగ్గా చూశాడు. "ఓ... నువ్వు వాడి కూతురివా! కళ్లు చూస్తే అనుకున్నాను." యజమానురాలి వైపు తిరిగి, పాఠం చెబుతున్నట్టు అన్నాడు. "ఆ చిత్రకారుడు తనకి నచ్చిన బొమ్మని రెండుసార్లు గీసేవాడు. అప్పట్లో అదొక అలవాటు. ఒకటి మ్యూజియంలో ఉండేది, పాపం పోయింది. ఇది రెండోది. నేను రాసిచ్చిన కాగితంలో ఇదంతా ఉంది."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"బొమ్మ రెండుసార్లు గీశాడు, ఒప్పుకుంటాను. మా నాన్న చొక్కా బొత్తాం కూడా రెండుసార్లు గీశాడా?"

మచ్చ సంగతి చెప్పింది. ఎక్కడుందో, ఎలా ఉందో, ఎలా అయిందో, ఒక్కొక్కటే. యజమానురాలు వింటూ వింటూ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. పెద్దసారు మధ్యలో అడ్డురాలేదు. మొత్తం విన్నాక ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఈ బొత్తాం కథ మ్యూజియం పుస్తకాల్లో ఎక్కడైనా రాసి ఉందా?"

"లేదు. నాన్న చెప్పలేదు."

"అంటే తప్పు చేసి దాచాడన్నమాట." ఆయన జాలిగా తల ఊపాడు. "చూశారా మేడమ్? ఒకసారి దాచినవాడు రెండోసారి పైపు కింద వదిలేసి ఇంటికి పోయాడంటే ఆశ్చర్యం ఏముంది? నేను ఆనాడు వాడి మీద కేసు కూడా పెట్టలేదు. చిన్న పిల్ల ఉందని వదిలేశాను. ఆ చిన్న పిల్ల ఈవిడే."

ఆ జాలే ఆమెకి తట్టుకోలేనిదైంది. తిట్టినా బాగుండేది. పదకొండేళ్ల వయసులో తన బడి సంచి పట్టుకుని నాన్న పక్కన గాజుకొట్టుకి నడిచి వెళ్లింది తను. గాజు కోసే వజ్రపు కలం గీతకి వచ్చే ఆ కీచు శబ్దంలో కూర్చుని లెక్కలు చేసుకుంది తను. దేశంలోకెల్లా గొప్ప చేతులు పెళ్లికూతుళ్ల ఫోటోల చుట్టూ బంగారు రంగు పట్టీలు అంటిస్తుంటే చూస్తూ పెరిగింది తను. అదంతా ఈ పెద్దమనిషి పెట్టిన భిక్ష అట!

"మీరు వదిలెయ్యలేదు సార్," అంది. "కేసు పెడితే ఆ తడిసిన కాగితం కోర్టులో చూపించాలి. చూపిస్తే అది నీలి శాలువా కాదని తెలిసిపోతుంది. అందుకని పెట్టలేదు."

పెద్దసారు మొదటిసారి కప్పు కింద పెట్టాడు.

యజమానురాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మంచిదో చెడ్డదో ఇప్పుడే చెప్పలేం గానీ ఆవిడ తెలివితక్కువది మాత్రం కాదు. "మ్యూజియం వాళ్లని అడగండి" అని ఫోను ఆమె వైపు తోసింది. ఆమె అక్కడే, వాళ్లిద్దరి ముందే ఫోను చేసింది. ముగ్గురి చేతులు మారాక రికార్డుల గుమస్తా దొరికాడు. పుస్తకం తిరగేసి వచ్చి అతను చెప్పిన మాట ఇది. "మా రికార్డు ప్రకారం ఆ బొమ్మ లేదమ్మా. నాశనమైందని కొట్టేశాం. లేనిదాన్ని మాదని ఎలా అంటాం?"

"ఉంది. నేను ఇప్పుడే చూశాను."

"మీరు చూస్తే ఉన్నట్టు కాదు కదండీ. పుస్తకంలో ఉంటే ఉన్నట్టు."

ఆమె ఫోను పెట్టేసింది. తమ బొమ్మ తమ చేతికొస్తానంటుంటే వద్దనే ఆఫీసు ఇంకెక్కడైనా ఉంటుందా! ఇంత అన్యాయాన్ని ఇంత మర్యాదగా, 'అండీ' చేర్చి మరీ చెప్పగలిగే మనుషులుంటారని ఆమెకి ఆ రోజే తెలిసింది.

"ఒక మార్గం ఉంది," అంది యజమానురాలు. "మచ్చ చేసింది మీ నాన్నగారు. ఆయన వచ్చి, నా ఎదురుగా బొమ్మ చూసి, ఇది అదేనని చెప్పమనండి. నేను అమ్మకం ఆపుతాను. మాటిస్తున్నాను."

"రేపు పొద్దున్న తీసుకొస్తాను."

ఆమె గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పెద్దసారు అన్నాడు. "తీసుకురా అమ్మా. వాణ్ణి చూసి చాలా కాలమైంది."

ఆ గొంతులో భయం లేదు. ఎందుకు లేదో ఆమె అప్పుడు ఆలోచించలేదు.

*

ఇంటికెళ్లేసరికి నాన్న వాకిట్లో కుర్చీ వేసుకుని, సాయంత్రపు వెలుతురులో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆయన ఏ గాజు తుడిచినా మధ్య నుంచి అంచులకి తుడుస్తాడు, తన కళ్లద్దాలైనా సరే. అమ్మ లోపల మిషను మీద దిండు గలీబు కుడుతోంది. అమ్మ కూడా ఒకప్పుడు అదే మ్యూజియంలో, పాత బట్టల విభాగంలో కుట్టుపని చేసేది. నాన్న ఉద్యోగం పోయిన నెలలోనే తనూ మానేసింది.

ఆమె చెప్పులు కూడా విప్పకుండా మొత్తం చెప్పేసింది. గాజు, దీపం, మచ్చ, పెద్దసారు, టీ కప్పు, గుమస్తా. చెబుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది.

నాన్న కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "రంగులు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"ఏంటి?"

"శాలువా నీలం. మాసిందా?"

"మాయలేదు నాన్నా. నువ్వు చెప్పినట్టే ఉంది."

"మంచిది" అన్నాడాయన.

మంచిదట! ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరంతా వేలెత్తి చూపిన మనిషి అనాల్సిన మాట ఇదేనా? ఆమె ఇంకేదో అనబోయేలోపు అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇప్పుడెందుకే అవన్నీ తవ్వడం? ఎవరి బతుకు వాళ్లం బతికేశాం. ఆయన్ని అక్కడికి తీసుకెళ్లి నలుగురిలో నిలబెట్టకు."

"నలుగురిలో నిలబెట్టి తిట్టినప్పుడు ఎవరైనా అడ్డొచ్చారా అమ్మా? నువ్వొచ్చావా?"

అనగానే నాలుక కరుచుకుంది. అమ్మ ముఖం తెల్లబోయింది. లోపలికి వెళ్లిపోయింది. మిషను మళ్లీ మోగలేదు.

"దాన్ని అనకు," అన్నాడు నాన్న. కళ్లద్దాలు సర్దుకుని, "రేపు ఎన్నింటికి?" అని అడిగాడు.

"పదింటికి."

"వస్తాను."

*

మర్నాడు పొద్దున్న వేలంశాల హాలు నిండుగా ఉంది. చేతుల్లో మందపాటి జాబితా పుస్తకాలు పట్టుకుని జనం గోడల వెంట మెల్లగా నడుస్తున్నారు. నీలి శాలువాకి ఒక గోడంతా ఇచ్చారు. ముందు ఎర్రతాడు కట్టారు. పైనుంచి రెండు దీపాలు.

నాన్న ఇస్త్రీ చేసిన పొట్టి చేతుల చొక్కా వేసుకొచ్చాడు. ఆయన కోసం ఆమె దారి చేసింది. తాడు దగ్గర ఆగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. బొమ్మల ముందు అలా నిలబడటం ఆయనకి పాత అలవాటు. చేతులు వెనకుంటే పొరపాటున కూడా ముందుకి చాచలేం కదా.

"ఆ రెండో దీపం ఆర్పమను" అన్నాడు మెల్లగా. "ఇంత వెలుతురు ఆవిడకి మంచిది కాదు."

ఆమె వెళ్లి ఆర్పించింది. తిరిగొచ్చేసరికి నాన్న అలాగే చూస్తున్నాడు. ఆయన ముఖంలో ఏదో కోసం ఆమె వెతికింది. ఉలికిపాటు, కన్నీళ్లు, కోపం, ఏదో ఒకటి. ఏదీ లేదు. చాలాకాలానికి దూరపు చుట్టాన్ని చూసిన మనిషిలా, కాస్త తల వంచి, చూస్తున్నాడంతే.

యజమానురాలు వచ్చింది. ఆవిడ వెనకే పెద్దసారు.

"ఎలా ఉన్నావోయ్?" అని ఆయన నాన్న భుజం మీద చెయ్యేశాడు.

"బాగున్నానండీ."

ఆ 'అండీ' ఆమె ఒంటిని కాల్చింది. ఆ చెయ్యి తోసెయ్ నాన్నా అని లోపల్లోపల అరిచింది. నాన్న తోసెయ్యలేదు. ఆయనంతట ఆయనే చెయ్యి తీసేదాకా ఊరుకున్నాడు.

యజమానురాలు గొంతు తగ్గించి అడిగింది. "మీరు పెద్దవారు. మీ మాట మీద నాకు గౌరవం ఉంది. మీ అమ్మాయి చెప్పిందంతా విన్నాను. ఒక్క మాట చెప్పండి. మ్యూజియంలో మీ చేతుల్లో ఉన్న బొమ్మ ఇదేనా?"

చుట్టుపక్కల వాళ్లు పుస్తకాల్లోంచి తలలెత్తారు.

నాన్న ఇంకొకసారి బొమ్మ వైపు చూశాడు. తర్వాత నేల వైపు.

"కాదమ్మా," అన్నాడు. "ఇది నేను చూసిన బొమ్మ కాదు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది.

"నాన్నా! మచ్చ చూడు. ఎడమ భుజం కింద. నువ్వు చెప్పిందే..."

"కళ్లు సరిగ్గా కనబడవు. నాకేమీ తెలియట్లేదు." ఆమె వైపు చూడకుండానే అన్నాడు. దీపం ఒకటి ఎక్కువైందని పది అడుగుల దూరం నుంచి పసిగట్టిన కళ్లు!

పెద్దసారు మృదువుగా నవ్వాడు. "కూతురికి తండ్రి మీద ప్రేమ ఉండటంలో తప్పులేదు మేడమ్. అమ్మాయిని ఏమీ అనకండి. కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించెయ్యండి."

యజమానురాలి సహాయకురాలు కాగితం, కలం తెచ్చి అక్కడే చిన్న బల్ల మీద పెట్టింది. బొమ్మ స్థితి, కాగితం స్థితి, ఫ్రేము స్థితి, అన్నీ గళ్లు గీసి ఉన్నాయి. అడుగున సంతకానికి జాగా. హాల్లో అందరూ చూస్తున్నారు. కన్నతండ్రే కాదన్నాక ఇంక ఎవరి కోసం పోట్లాడాలి? సంతకం గీకి పారేసి, ఇంటికెళ్లి తలుపేసుకోవచ్చు.

కలం తీసుకుంది. గళ్లన్నీ ఓపిగ్గా నింపింది. రంగు క్షేమం. కాగితం క్షేమం. నీటి మరకలు లేవు. ఆ తర్వాత, అడుగున మిగిలిన ఖాళీలో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది.

"ఎడమ భుజం కింద అర్ధచంద్రాకారపు ఒత్తిడి మచ్చ ఉంది. నాకు తెలిసినంతలో ఇది ముప్ఫై ఒక్క ఏళ్ల క్రితం తడిసి నాశనమైందని మ్యూజియం రికార్డులో రాసిన నీలి శాలువా బొమ్మే. అది తడవలేదు. దాన్ని పాడుచేశాడని ఉద్యోగం తీసేసిన మనిషి దాన్ని పాడుచెయ్యలేదు. ఇందుకు నాదే బాధ్యత."

సంతకం చేసింది. తారీఖు వేసింది. యజమానురాలి చేతికిచ్చింది.

యజమానురాలు చదివింది. మళ్లీ చదివింది. "ఇది ఉంచితే నేను అమ్మలేనమ్మా."

"అమ్మొద్దనే రాశాను."

"మీ నాన్నగారే కాదన్నారు కదా!"

"ఆయన కాదన్నాడు. మచ్చ కాదనలేదు. మీరు వేరే ఎవర్నైనా పిలిచి చూపించుకోండి. ఎవరు చూసినా మచ్చ ఉందనే రాస్తారు. నేను మాత్రం ఇది తప్ప ఇంకో అక్షరం రాయను. ఈ కాగితం చించేస్తే, ఇదే మాట రేపు పేపరువాళ్లకి రాస్తాను."

"బెదిరిస్తున్నావా?" అన్నాడు పెద్దసారు. ఆయన గొంతులో మొదటిసారి నింపాదితనం జారింది. "రేపటి నుంచి ఈ ఊళ్లో నీకు పని పుట్టదు. ఒక్క ఫ్రేము కూడా నీ గుమ్మం తొక్కదు. నేను చెబుతున్నాను."

"మా నాన్నకి కూడా మీరే చెప్పారు. ఆయన గాజుకొట్టులో బతికాడు. నాకూ గాజు కొయ్యడం వచ్చు."

ఎవరో ఒకావిడ, ఎవరో తెలియదు, జాబితా పుస్తకం మూసి "అయ్యో" అంది. ఆ ఒక్క మాటతో హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. యజమానురాలు ఆ గుసగుసలు వింది. అలాంటి చప్పుడు హాల్లో తిరుగుతుంటే ఎంత గొప్ప బొమ్మకైనా చెయ్యెత్తేవాడు ఉండడని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం మడిచి తన సంచిలో పెట్టుకుంది.

"బొమ్మ దించండి," అంది సహాయకురాలితో. "విషయం తేలేదాకా నా దగ్గరే, తాళం వేసి ఉంటుంది. అమ్మకానికి పెట్టిన పెద్దమనిషికీ ఇవ్వను, ఎవరికీ ఇవ్వను."

"నిటారుగా మొయ్యకండి, కుదుపు తగలకుండా, ముఖం పైకి పెట్టి పడుకోబెట్టి తీసుకెళ్లండి," అంది దుమ్ము డాక్టర్, అలవాటుగా.

ఖాళీ గోడ మీద ఒక్క మేకు మిగిలింది. అంత పెద్ద మనిషిని, అంత పెద్ద కాగితాన్ని, ఒక ఆడమనిషి ఐదు వాక్యాలతో ఆపింది. గెలిచానని అనిపించాలి. అనిపించలేదు.

పెద్దసారు వెళ్తూ వెళ్తూ నాన్న దగ్గర ఆగాడు. ఈసారి భుజం మీద చెయ్యి వెయ్యలేదు. ఆమెకి కూడా వినపడేలా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"ఇంట్లో ఆవిణ్ణి అడిగానని చెప్పు."

నాన్న ముఖంలో రంగు పోయింది. పొద్దుట్నుంచీ ఆమె వెతికిన కదలిక ఇప్పుడు వచ్చింది, బొమ్మని చూసినప్పుడు కాదు, ఈ మాటకి.

*

మెట్ల మలుపులో, ఎవరూ లేని చోట, ఆమె ఆయనకి అడ్డంగా నిలబడింది.

"ఎందుకు అబద్ధం చెప్పావు?"

నాన్న పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు.

"మచ్చ నీకు కనబడింది. నాకు తెలుసు. అయినా కాదన్నావు. వాడి ఎదురుగా, వాడు నవ్వుతుంటే! నీ కోసం నా పని పోయినా ఫరవాలేదనుకున్నాను. నేను పిచ్చిదాన్నా? బడిలో పిల్లలు అన్న మాటలు, అమ్మ చుట్టాలిళ్లకి వెళ్లడం మానేసిన రోజులు, నీ చేతులు ఆ ఫోటోలకి పట్టీలు అంటించిన ఏళ్లు, ఇవన్నీ నీకు ఏమీ కాదా?"

"నెమ్మదిగా..."

"నెమ్మదిగా ఉండను! ఇన్నేళ్లూ నెమ్మదిగానే ఉన్నాం." ఊపిరి తీసుకుంది. అప్పుడు, ఇంత కోపంలోనూ, నిన్నటి నుంచీ మనసులో గుచ్చుకుంటున్నదేదో మాటగా బయటికొచ్చింది. "నాన్నా, నువ్వు ఆశ్చర్యపోలేదు. నిన్న నేను చెప్పినప్పుడూ పోలేదు, ఇవాళ చూసినప్పుడూ పోలేదు. రంగు మాసిందా అని అడిగావు. ఉందా అని అడగలేదు."

కింద ఎవరో తలుపు తెరిచారు, మూశారు.

"అది తడవలేదని నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు చివరికి. "తడిసిపోయిందంటూ పెద్దసారు పళ్లెంలో తెచ్చి చూపించిన కాగితం ముద్ద నీలి శాలువా కాదు. ఆ కాగితమే వేరు. వాసన చూస్తే చాలు, నాకు తెలిసిపోతుంది."

"తెలిసే సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"వాడు బెదిరించాడా?"

"లేదు. ఆయన పళ్లెం ముందు పెట్టి ఊరుకున్నాడు. కలం నేనే అడిగి తీసుకున్నాను."

తను పదకొండేళ్ల వయసు నుంచి మోస్తున్న కోపం, ఎవరి మీద దించాలో తెలియక, గుండెల్లో అలాగే నిలబడిపోయింది.

"ఎవరిని కాపాడటానికి?"

నాన్న కమ్మీ వదిలి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన అరచెయ్యి చల్లగా ఉంది.

"ఆ బొమ్మని చీరల పెట్టెలో పెట్టి, మ్యూజియం గుమ్మం దాటించింది మీ అమ్మ," అన్నాడు. "ఎవరి కోసం దాటించిందో, ఈ ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు."